రైసు మిల్లు పెద్దాయనకు పౌరసన్మానం: ఏ రూపంలో చేస్తే తగినట్టుగా ఉంటుంది?

నాగావళి:

మా పట్టణంలో అయిదు దశాబ్దాలకు పైగా రైసు మిల్లు నడిపి, ఇప్పుడు ఎనభై దాటిన ఒక పెద్దాయనకు పౌరసన్మానం చేయాలని నిశ్చయించుకున్నాం. ఇందులో వర్తక సంఘం మిత్రులతోపాటు ఆయన సాయంతో చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడినవారు కూడా ఉన్నారు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు కనుక పేరూ ఊరూ ఇక్కడ రాయడం మర్యాద కాదు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఆయకట్టు ధాన్యం దిగే పట్టణాల్లో అదొకటని మాత్రం చెబుతాను.

మిల్లు వెనుక పెంకుటింట్లో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఉండి కాలేజీకి వెళ్లేవారు. బియ్యం మిల్లు నుంచి, కూరలు ఆయన ఇంటి నుంచి వచ్చేవి. వంట మాత్రం పిల్లలే వంతులవారీగా చేసుకునేవారు. ఏటా వేసవిలో బస్టాండు దగ్గర చలివేంద్రం, చలికాలంలో కంటి శిబిరం ఆయన ఖర్చుతోనే జరిగేవి. శుక్లాల శస్త్రచికిత్సకు ఎంపికైనవారిని బస్సులో విశాఖపట్నం పంపి, తిరిగి వచ్చేదాకా వెంట ఒక మనిషిని ఉంచేవారు. శ్మశానానికి ప్రహరీ కట్టించారు, నీటి వసతి కల్పించారు. దహనానికి కట్టెలు కొనలేని కుటుంబాలకు కట్టెలు పంపేవారు. ఈ చివరి పని గురించి ఊళ్లో చాలామందికి తెలియదు. తీసుకున్నవారు దుఃఖంలో తీసుకున్నారు, ఇచ్చినాయన ఎన్నడూ బయటపెట్టలేదు.

మా ముందు మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. మొదటిది ప్రధాన కూడలిలో కాంస్య విగ్రహం. రెండవది మంత్రిగారిని పిలిచి కల్యాణ మండపంలో భారీ సభ. మూడవది అభినందన సంచిక. విగ్రహం కోసం కొందరు అప్పుడే చందాలు కూడా ఇచ్చారు. ఇలాంటి సన్మానాలు చేసిన అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వాలని కోరుతున్నాను.

కళింగపట్నం మాస్టారు:

నాగావళి గారూ, మీ సంకల్పం ఎంతో సంతోషం కలిగించింది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దాతృత్వం అనగానే సంస్థానాల పేర్లే జ్ఞాపకం వస్తాయి, అది సహజమే. విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలై 1879 నాటికి కళాశాల అయిన మహారాజా కళాశాల ఉంది. 1919లో నెలకొల్పిన సంగీత కళాశాల ఉంది, దానికి ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. 1958లో విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజుగారు స్థాపించిన, విద్యాసంస్థలు నడిపే మాన్సాస్ ట్రస్టు ఉంది. రాజులు చేసినదానికి శాసనాలు, శంకుస్థాపన ఫలకాలు, దస్తావేజులు మిగిలాయి. అదే కాలంలో ఒక బియ్యం వర్తకుడో, బట్టల కొట్టు యజమానో, జీడిపప్పు వ్యాపారో తన ఊరికి చేసిన మేలుకు సాధారణంగా ఏ పత్రమూ మిగలలేదు. ఆయన పోయిన తరువాత ఒక తరం పాటు నలుగురూ చెప్పుకుంటారు. ఆ తరం కూడా వెళ్లిపోతే చెప్పుకునేవారుండరు.

అందుచేత మీ మూడు ప్రతిపాదనల్లో నేను సంచికకే మొగ్గు చూపుతాను. అయితే ఒక మనవి. మన అభినందన సంచికల్లో సగం పుటలు ప్రముఖుల శుభాకాంక్షలతోనూ, మిగతా సగం ప్రకటనలతోనూ నిండిపోతాయి. సన్మాన పత్రాల్లో దానకర్ణుడు, అపర భగీరథుడు, కలియుగ శిబి అన్న బిరుదులు వరుస కడతాయి. అవే బిరుదులు పక్క ఊరిలో మరొకరికీ ఇచ్చి ఉంటారు కనుక, చదివినవారికి ఈ మనిషి ఎవరో తెలియదు. దహనానికి కట్టెలు పంపారని మీరు రాసిన ఒక్క వాక్యం నాకు ఆయన్ని చూపించింది. సంచిక అంతా అలాంటి వాక్యాలతో ఉండాలి.

చీపురుపల్లి వకీలు:

విగ్రహం విషయంలో ముందే జాగ్రత్తపడండి. ప్రజా రహదారులు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తరువాత కూడా కూడళ్లలో విగ్రహాలు వెలుస్తూనే ఉన్నాయని మీరనవచ్చు. కానీ జీవితమంతా లెక్క తప్పకుండా వ్యాపారం చేసిన మనిషి విగ్రహం చట్టవిరుద్ధమైన దిమ్మె మీద నిలబడటం ఆయనకు గౌరవం కాదు. పెట్టితీరాలనుకుంటే సొంత స్థలంలో, అనుమతులతో పెట్టాలి.

పద్మ పురస్కారానికి ప్రతిపాదించడం గురించి కూడా ఆలోచించండి. ఇప్పుడు ఏ పౌరుడైనా కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నేరుగా ప్రతిపాదన పంపవచ్చు, శాసనసభ్యుని సిఫారసు అవసరం లేదు. చేసిన సేవను 800 పదాలకు మించకుండా రాయాలి. సామాజిక సేవ, వాణిజ్యం–పరిశ్రమలు అన్నవి వేర్వేరు రంగాలు. మీ పెద్దాయనను మొదటి రంగం కింద ప్రతిపాదించాలని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు గౌరవిస్తున్నది ఆయన మిల్లు సాధించిన అభివృద్ధిని కాదు. సాధారణంగా మరణానంతరం ఈ పురస్కారం ఇవ్వరు కనుక ఆలస్యం తగదు. ఒకవేళ వస్తే, దాన్ని పేరుకు ముందో వెనుకో బిరుదులా తగిలించుకోకూడదని కూడా సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

ఉద్దానం ఆడపడుచు:

మీరు చెబుతున్న పెద్దాయన ఎవరో నాకు అర్థమైంది, పేరు రాయను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు మా ఊరు చీకట్లో పడిపోయింది. కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగి దారులు మూసుకుపోయాయి. స్తంభాలు విరిగి కరెంటు రాలేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, ట్యాంకులోకి నీళ్లెక్కవు. కిడ్నీ జబ్బులతో అసలే నీళ్లంటే భయపడే ప్రాంతం మాది, కనిపించిన నుయ్యి నీళ్లు తాగలేం.

దారి తెరుచుకున్నాక ఒక ట్రాక్టరు మీద జనరేటరు వచ్చింది. మా ఊరి ట్యాంకు నిండేదాకా ఆగి, పక్క ఊరికి వెళ్లింది. మరునాడు మళ్లీ వచ్చింది. దానితో ఉన్న కుర్రాడిని ఎవరు పంపారని అడిగితే మిల్లు నుంచి వచ్చామని మాత్రమే అన్నాడు. ప్రభుత్వం పంపిన జనరేటర్లు, ఇతరులు పంపినవి కూడా ఆ రోజుల్లో తిరిగాయి. ఒక్కరే అంతా చేశారని నేను చెప్పడం లేదు. కానీ మాకు ముందుగా అందినది అదే. మిల్లు నడవడానికి కొన్న జనరేటరును ఊళ్ల మీదికి పంపారంటే, ఆ రోజుల్లో ఆయన మిల్లు ఆగిపోయి ఉండాలి. తడిసిన ధాన్యం అక్కడ కూడా ఉండే ఉంటుంది. ఆ నష్టం ఎంతో సంచికలో రాయించండి.

బియ్యం, పప్పులు పంచినవారి ఫోటోలు పేపర్లలో చాలా వచ్చాయి. ట్యాంకులోకి నీళ్లెక్కించినవారి ఫోటో ఎవరూ తీయలేదు.

గోగునార:

అందరూ గౌరవంతో రాస్తున్న చోట ఈ మాట కష్టంగా ఉండవచ్చు, అయినా అడగడం అవసరమనిపించింది. మా నాన్నగారు విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో పనిచేశారు. లాకౌట్ ప్రకటించిన తరువాత ఆయనకు రావలసిన బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఆ యాజమాన్యం ఊళ్లో ఉత్సవాలకు విరాళాలు ఇచ్చేది, వేదికల మీద సన్మానాలు అందుకునేది. అప్పటి నుంచి ఏ వ్యాపారి సేవ గురించి విన్నా, ముందు ఆయన దగ్గర పనిచేసినవారి సంగతి తెలుసుకోవాలనిపిస్తుంది.

మీ పెద్దాయన అటువంటివారని నేను అనడం లేదు. మిల్లులో బస్తాలు మోసిన కళాసీలు, ఆరుబయట ధాన్యం ఎండబోసిన ఆడకూలీలు, బాయిలర్ దగ్గర ఊక పోసినవారు ఈ సన్మానంలో ఎక్కడ ఉన్నారు? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అయిదేళ్ల సర్వీసు నిండినవారికి, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1972 నాటి చట్టం ప్రకారం ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావలసి ఉండేది. బస్తా కూలి మీద పనిచేసే కళాసీల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు కనుక, ఆ వరుసలో వారు కనిపించరు. దానం ఇచ్చేవారి ఇష్టం మీద ఆధారపడుతుంది, కూలి అలా కాదు. మొదటిదాన్ని కొనియాడే సభలో రెండోదాని ప్రస్తావన లేకపోతే ఆ సభ నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

నాగావళి:

గోగునార గారూ, మీ ప్రశ్నను పక్కకు పెట్టకుండా మిల్లుకు వెళ్లి పాత గుమాస్తాగారితో మాట్లాడాను. గుమాస్తాలు, డ్రైవరు, మెషీను ఆపరేటర్లు మానేసినప్పుడు వారికి ఇవ్వవలసినవి పూర్తిగా ఇచ్చారు, రసీదులున్నాయి. కళాసీలకు మాత్రం అటువంటి ఏర్పాటు లేదు. పెళ్లిళ్లకు, వైద్యానికి, ఇల్లు వేసుకోవడానికి డబ్బు ఇచ్చారు, చాలావరకు తిరిగి అడగలేదు. అయితే అది హక్కుగా ఇచ్చినది కాదన్న మీ మాట నిజం.

ఆ సందర్భంలో మరొకటి చూశాను. మిల్లు ఆవర్జాల్లో, అంటే ఖాతా పుస్తకాల్లో, మొదటి నుంచీ ధర్మాదాయం పేరిట వేరే పద్దు ఉంది. రైతుకు ఇచ్చే సొమ్ములో బస్తాకు ఇంత అని చాలా స్వల్పంగా ధర్మం కింద తగ్గించి, దానికి మిల్లు వాటా అంతకు రెట్టింపు కలిపి జమ వేసేవారు. విద్యార్థుల బియ్యం, చలివేంద్రం కుండలు, కట్టెలు అన్నీ ఆ పద్దు కిందే ఖర్చు రాశారు. ఆ పద్దు చాలని ఏడాది తన లాభం నుంచి వేసినట్టు కనిపిస్తుంది. మిగిలిన ఏడాది మిగులును మరుసటి ఏటికి తెచ్చారు గాని, మిల్లు ఖాతాలో ఒక్కసారి కూడా కలపలేదు. కాయితాలు పసుపుబారినా చేతిరాత స్పష్టంగా ఉంది.

చీపురుపల్లి వకీలు:

ఇది చాలా విలువైన ఆధారం. వర్తకులు ఇలా వసూలు చేసే ధర్మాదాయం వ్యాపార ఆదాయం కిందికి వస్తుందా రాదా అన్న వివాదం బిజిలీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ధర్మం కోసమని ప్రత్యేకించి తీసుకుని, ఆ పనికే కేటాయించిన సొమ్ము వర్తకుని ఆదాయం కాదని కోర్టు తేల్చింది. వర్తకుడు దానికి ధర్మకర్త వంటివాడు. ఆ సొమ్మును ఎలా వాడారో అడిగేవారెవరూ లేని కాలంలో, వేరే పద్దు పెట్టి దశాబ్దాలపాటు తేడా రాకుండా నడపడం నా దృష్టిలో ఇచ్చిన దానం కంటే పెద్ద సంగతి.

కళింగపట్నం మాస్టారు:

వకీలు గారి మాటకు ఒకటి చేర్చాలి. ఆ పద్దులో రైతుల సొమ్ము ఉన్నది కనుక, పెంకుటింట్లో చదువుకున్న పిల్లలకు అన్నం పెట్టినవారిలో ఆ చుట్టుపక్కల ధాన్యం తోలిన ప్రతి రైతూ ఉన్నాడు. ఈ మాట సభలో చెబితే పెద్దాయన గౌరవం తగ్గదు. ఊరంతా వేసిన చిన్న చిన్న మొత్తాలను ఒక పనిగా మలచిన మనిషిగా ఆయన నిలుస్తారు. నేను చిన్నప్పుడు పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదివేవారు, ఏ రోజు ఎవరింట్లో భోజనమో వారికి ముందే తెలిసేది. ఆ పద్ధతిలో పిల్లవాడు రోజుకొక గుమ్మం ముందు నిలబడాలి. బియ్యం ఇచ్చి మీరే వండుకోండి అనడంలో ఆ పిల్లల అభిమానాన్ని కాపాడే ఆలోచన ఉంది. ఆయనకు అది ఎలా తట్టిందో అడిగి రాసుకోండి.

రాజాం విద్యార్థిని:

మా ఊళ్లో పుట్టి దేశంలో పలుచోట్ల విమానాశ్రయాలు నిర్మించిన గ్రంధి మల్లికార్జునరావుగారు 1997లో ఇక్కడ ఇంజనీరింగు కళాశాల స్థాపించారు. నేను అందులోనే చదివాను. ఆయన కుటుంబ ఫౌండేషను ఆసుపత్రి కూడా నడుపుతోంది. అంత పెద్ద సంస్థలకు వార్షిక నివేదికలు ఉంటాయి, ఉద్యోగులు ఉంటారు. 2014 ఏప్రిల్ నుంచి నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నిబంధన కూడా వచ్చింది కనుక, ఖర్చు చేసిన ప్రతి రూపాయీ ఎక్కడో నమోదవుతుంది. చిన్న పట్టణంలోని ఒక రైసు మిల్లు ఆ చట్టం పరిధిలోకే రాదు. ఏ చట్టమూ అడగకుండా ఆయన రాసిన పద్దు ఆ ఆవర్జాల్లో తప్ప మరెక్కడా లేదు.

కాబట్టి సంచిక అచ్చు వేసేలోగా ఆ ఆవర్జాలను స్కాన్ చేయించండి. మన తీరప్రాంతపు చెమ్మకు, చెదలకు కాగితం ఎక్కువకాలం నిలవదు. ఈ పని మా మిత్రబృందం ఉచితంగా చేస్తుంది. కంటి శిబిరాల్లో ఆపరేషను చేయించుకున్నవారు, పెంకుటింట్లో చదివినవారు చెప్పేవి వారి గొంతుతోనే రికార్డు చేద్దాం. శ్రీకాకుళం యాస యాసగానే ఉండాలి, సంచిక కోసం దాన్ని దిద్దనక్కరలేదు.

బొబ్బిలి:

సంచిక, రికార్డింగులు మంచివే. వాటివల్ల ఇప్పుడు ఇంటరు చదవడానికి డబ్బులేని పిల్లకు ఏమి ఒరుగుతుంది? శాశ్వత నిధి ఏర్పరచి వడ్డీతో ఉపకార వేతనాలు ఇవ్వడమే నిజమైన గౌరవమని నా గట్టి అభిప్రాయం. సభకు, భోజనాలకు అయ్యే ఖర్చుతో ఒక బాలిక డిగ్రీ పూర్తి చేస్తుంది.

కళింగపట్నం మాస్టారు:

బొబ్బిలి గారూ, నిధి తప్పక పెట్టాలి, సభ మాత్రం మానరాదు. ఎనభై దాటిన మనిషి తాను చేసినది నలుగురికీ గుర్తుందని చెవులారా వినాలి. సభ మిల్లు ఆవరణలోనే, షామియానా కింద, సాయంత్రం పూట పెట్టుకుంటే ఖర్చు తక్కువ అవుతుంది, కళాసీలు కూడా మొహమాటం లేకుండా వచ్చి కూర్చుంటారు. సన్మాన పత్రానికి ఒక చిత్తుప్రతి రాశాను, అందరూ దిద్దండి:

“అయ్యా, మీరు బస్తా బస్తాకూ ధర్మం పద్దు రాసి, ఆ పద్దును మీ సొంత పద్దుతో ఎన్నడూ కలపలేదు. ఆ బియ్యంతో పల్లెపిల్లలు తమ చేతులతో వండుకుని తిని చదువుకున్నారు. తుపానుకు చీకటైన ఊళ్లకు మీ మిల్లు ఆపి జనరేటరు పంపారు. చితికి కట్టెలు లేని ఇంటికి అడగకముందే కట్టెలు చేరవేశారు. ఈ పనుల్లో మీకు తోడుగా ధాన్యం తోలిన రైతులూ, బస్తాలు మోసిన కళాసీలూ ఉన్నారని మీరే పలుమార్లు అన్నారు. వారి సమక్షంలో, ఈ ఊరి ప్రజలుగా మేము మీకు నమస్కరిస్తున్నాము.”

ఉద్దానం ఆడపడుచు:

మాస్టారూ, “అడగకముందే” అన్న మాటను తప్పనిసరిగా ఉంచండి. ఆయన భార్యగారి పేరు కూడా పత్రంలో ఉండాలి. మిల్లు నుంచి బియ్యం వెళ్లిందని అందరూ రాశారు, ఇంటి నుంచి కూరలు పంపినది ఆమె.

నాగావళి:

ఈ చర్చను ముద్రించి పెద్దాయనకు చదివి వినిపించాను. విగ్రహం వద్దని ఖండితంగా చెప్పారు. మంత్రిగారి రాక గురించి అడిగితే, వస్తే కూర్చోబెట్టండి, ఆయన కోసం సభ ఆలస్యం చేయవద్దన్నారు. మిల్లు ఆవరణలో సభకు ఒప్పుకున్నారు. గోగునార గారి సందేశాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. ఆ అబ్బాయి అడిగినది న్యాయం, కళాసీల విషయంలో నేను చేయవలసినది మిగిలే ఉంది అన్నారు. విగ్రహానికి వచ్చిన చందాలకు తాను కూడా కొంత కలిపి, పాత కళాసీలకూ, ధాన్యం ఎండబోసిన ఆడవారికీ, వారిలో చనిపోయినవారి కుటుంబాలకూ పనిచేసిన ఏళ్లను బట్టి లెక్కకట్టి ఇవ్వాలని కోరారు. అది సన్మానం రోజున వేదిక మీద పంచవద్దనీ, ముందుగా వారి ఇళ్లకే వెళ్లి ఇవ్వాలనీ షరతు పెట్టారు. పద్మ ప్రతిపాదన సంగతి మాత్రం తేలలేదు. ఆయన వద్దంటున్నారు, కుమార్తెగారు పంపమంటున్నారు.

గోగునార:

పెద్దాయనకు నా నమస్కారాలు తెలియజేయండి. రిజిస్టరులో పేర్లు లేని కళాసీల జాబితా తయారు చేయడం సులువు కాదు. ముఠా మేస్త్రీలను అడిగితే ఎవరు ఏ సంవత్సరాల్లో పనిచేశారో చెబుతారు. వలస వెళ్లినవారి కోసం హైదరాబాదు, విశాఖపట్నంలోని మనవాళ్ల ద్వారా కబురు పెట్టవచ్చు. ఈ పనికి నేను వస్తాను.

చీపురుపల్లి వకీలు:

రెండు జాగ్రత్తలు. విగ్రహం కోసమని చందా ఇచ్చినవారి సొమ్మును మరో పనికి మళ్లించే ముందు ప్రతి ఒక్కరి నుంచీ రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి. ఒప్పుకోనివారికి తిరిగి ఇచ్చివేయండి. బొబ్బిలి గారు చెప్పిన శాశ్వత నిధికి వేరుగా ట్రస్టు దస్తావేజు రాసుకోవాలి, లేదా 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదు చేసుకోవాలి. పన్ను మినహాయింపు అనుమతి వచ్చిన తరువాత కూడా రెండు వేలకు మించిన నగదు విరాళానికి మినహాయింపు వర్తించదు కనుక, పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోండి. దస్తావేజు నమూనా ఆదివారం లోపల పంపుతాను. ధర్మకర్తల్లో కళాసీల తరఫున ఒకరికి స్థానం ఉంచి రాస్తాను.